ఒకే ఇంటిపేరు

"ఇవాళ్టి టపాలో కూడా రాలేదు లోవమ్మా," అన్నాడు రామ్‌ప్రసాద్, గేటు అవతలే నిలబడి. "మీ వదిన వేలిముద్ర వస్తేగానీ మీ అన్న పెట్టె కదలదంట. ఆఫీసోళ్ళది మళ్ళీ అదే పాట."

లోవమ్మ తలూపింది. చేతిలోని తడిగుడ్డ నుంచి నీళ్ళు కారి చెప్పుల మీద పడుతున్నాయి. చూసుకోలేదు.

జగ్గారావు పరంజా మీంచి పడి చనిపోయి పదిహేను రోజులైంది. శవం ఆసుపత్రి మార్చురీలో ఉంది. భార్య ఒప్పుకుంటూ వేలిముద్ర వేసిన కాగితం లేనిదే విమానం ఎక్కించరు. తునికి రెండు టెలిగ్రాములు వెళ్ళాయి. జగ్గారావు తండ్రి దగ్గర్నుంచి ఒక్క ముక్క జవాబు లేదు. సోమవారం దాకా చూసి ఇక్కడే పూడ్చేస్తామని కంపెనీ మేనేజరు చెప్పేశాడు.

"పెళ్ళాం ఉందని క్యాంపులో అందరికీ చెప్పేవోడు. పేరడిగితే నవ్వేసేవోడు," అన్నాడు రామ్‌ప్రసాద్. జగ్గారావుదీ అతనిదీ ఒకే గది, పక్కపక్క మంచాలు. "ఏం మనిషో ఆవిడ! మొగుడు పోతే ఓ కాయితం మీద వేలెయ్యడానికి చెయ్యి రావట్లేదా?"

లోవమ్మ తడిగుడ్డని రెండో చేతిలోకి మార్చుకుంది.

"నీకు సంబంధం చూస్తున్నాననేవోడు. ఎవర్ని చెప్పినా ఏదో ఒక వంక. నన్నయితే పొట్టోడన్నాడు." నవ్వబోయి మానేశాడు. "సాయంత్రం కాయితం పట్టుకొస్తాను. చెల్లెలివి కదా, నీ వేలిముద్ర కూడా కావాలంట."

అతను వెళ్ళాక లోవమ్మ లోపలికొచ్చి కిటికీలు తుడిచింది. పొద్దున తుడిచినవే. మేడమ్ సెలవు తీసుకోమంది. సెలవు తీసుకుని ఎక్కడ కూర్చోవాలో లోవమ్మకు తెలియలేదు.

నోరా మేడమ్ పూర్వీకులది ఐర్లాండు. అరవై ఏళ్ళుంటాయి. భర్త బ్యాంకు పని మీద ఈ అరబ్బు దేశం వచ్చి అద్లియా పేటలో కాపురం. లోవమ్మ పనిలో చేరిన ఈ నాలుగేళ్ళుగా ఆవిడ వెతుకుతున్నది ఒక్కటే. తన తాతకీ నాయనమ్మకీ పెళ్ళి జరిగినట్టు ఎక్కడ రాసి ఉందా అని. వాళ్ళిద్దరూ వయసులో ఉండగా ఐర్లాండు వదిలి ఇంగ్లండు వచ్చి ఒక జమీందారింట్లో పనికి కుదిరారు. అక్కడే పిల్లలు పుట్టారు, అక్కడే పోయారు. పెళ్ళి మాత్రం ఎక్కడా లేదు. డబ్లిన్‌లో సర్కారు రిజిస్టర్లలో లేదు. ఇరవై చర్చిలకు రాస్తే పదకొండు జవాబిచ్చాయి. లేదు. లేదు. ఆ ఏటి పుస్తకం తడిసిపోయింది.

ఇవాళ ఇంకో ఉత్తరం వచ్చింది. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదే ఆఖరు లోవమ్మా. జేమ్స్ కీటింగ్‌కీ బ్రిజెట్ కీటింగ్‌కీ పెళ్ళే కాలేదు. మా నాన్నని ఊళ్ళో ఏదేదో అనేవాళ్ళు. నిజమే అన్నమాట."

లోవమ్మ చెయ్యి అద్దం మీద ఆగింది. నాలుగేళ్ళుగా ఆ కాగితాల దుమ్ము దులుపుతోంది కానీ, అందులో ఉన్న పేర్లేమిటో ఎప్పుడూ అడగలేదు. తనకొచ్చిన ఇంగ్లీషులోనే అడిగింది.

"కీటింగ్ అంటే ఇంటిపేరా మేడమ్?"

"అవును."

"పెళ్ళికి ముందు ఆవిడదీ అదేనా?"

"నాన్న పుట్టినప్పటి కాగితంలో అలాగే రాశారు."

"ఒకే ఇంటిపేరోళ్ళకి పెళ్ళేంటి మేడమ్? అన్నాచెల్లెళ్ళవుతారు."

"మీ దేశంలో అవుతారేమో. మాకు ఆ పట్టింపు లేదు."

లోవమ్మ గుడ్డ పిండింది. "పెళ్ళైన ఆడదాన్ని ఆ ఇంట్లో పనికి పెట్టుకునేవాళ్ళు కాదేమో మేడమ్. అన్నాచెల్లెళ్ళమని చెప్పుకుని చేరుంటారు. ఒకసారి కాగితం మీద పడ్డాక దాన్నే పట్టుకుని నడవాలి. అది ఆవిడ పుట్టింటి పేరు కాదు. ఆయన ఒక్కడి పేరుతో చూడండి."

మేడమ్ లేచి అట్టపెట్టె విప్పింది. రెండేళ్ళ కిందట ఒక చర్చి ఫాదరు పంపిన జాబితా తీసింది. అప్పట్లో పెళ్ళికూతురి ఇంటిపేరు కలవలేదని పక్కన పడేసింది. ఆవిడ వేలు వరుసల మీద జారుతూ జారుతూ ఒకచోట నిలిచింది. 1888 ఫిబ్రవరి. జేమ్స్ కీటింగ్, బ్రిజెట్ హానన్.

"మా నాన్న పేరు థామస్ హానన్ కీటింగ్. మధ్యలో ఆ హానన్ ఎక్కడిదో మాకెవరికీ తెలీదు."

మేడమ్ చాలాసేపు ఏడ్చింది. లోవమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"పొట్టకూటికి ఆడిన అబద్ధం," అంది మేడమ్ ముక్కు తుడుచుకుంటూ. "ఆ తర్వాతైనా ఎవరో ఒకరి దగ్గర నోరు విప్పి ఉంటే! వందేళ్ళు, ఈ ఒక్క పుస్తకంలో తప్ప ఆవిడ ఎక్కడా ఆయన భార్య కాలేకపోయింది."

లోవమ్మ ఖాళీ గ్లాసు వంటింట్లోకి తీసుకెళ్ళి కడిగింది. తుడిచింది. మళ్ళీ కడిగింది.

సాయంత్రం అన్నట్టుగానే రామ్‌ప్రసాద్ వచ్చాడు. గేటు దిమ్మ మీద కాగితం పరిచి సిరా డబ్బా మూత తీశాడు. కాగితం అడుగున రెండు గళ్ళున్నాయి.

"పైది మీ వదినకి. ఆవిడ ముద్ర వచ్చేదాకా దాన్ని ఖాళీగా ఉండనీ. నువ్వు కింద, చెల్లెలు అన్నచోట వెయ్యి. మీ ఇద్దరి పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టి చూస్తారంట. చెల్లెలివని నమ్మడానికి ఇంటిపేరూ తండ్రి పేరూ కలిస్తే చాలు. అబద్ధమని తేలితే మాత్రం ఇక్కడ జైలే."

లోవమ్మ ఎడమచేతి బొటనవేలు సిరాలో అద్దింది.

"యల్లా, త్వరగా వెయ్యి. రోడ్డు మీద టాక్సీ ఆగుంది."

లోవమ్మ చెల్లెలి గడిని వదిలేసి, తొమ్మిదేళ్ళ కిందట తనకు తాళి కట్టిన మనిషి కోసం, పైనున్న భార్య గడిలో వేలు ఆనించి నొక్కి పట్టింది.