అతుకు

పాండీశ్వరన్ చేసిన గిటారు పాటను ఫోనులో విని, దేవిప్రియ అరుప్పుక్కోట్టై నుంచి కోవిల్‌పట్టిలోని అతడి ఇంటికి వచ్చింది.

“ఒకతూరి వాయించి చూపియ్యన్నా.”

అతడు జేబులోంచి ఎడమచెయ్యి తీశాడు. టపాకాయల ఫ్యాక్టరీలో రెండు వేళ్లు పోయిన చెయ్యి అది.

“పాటంతా వాయించలేనమ్మా. ఒక్కొక్క సొరం వేరేగా రికార్డు చేసి కంప్యూటర్లో అతికిస్తాను. డ్రమ్ములూ దాంట్లోవే. అంతా మోసమే,” అన్నాడు తల దించుకుని.

అతికించిన ఆ ముక్కలను అతడు కంప్యూటర్లో వినిపిస్తే ఆమె శ్రద్ధగా వింది. ఒకచోట ఆపమంది.

“ఈడ అతుకు తెలస్తా ఉండాది. కొంచెం ముందుకు జరుపన్నా.”

జరిపాడు. అతుకు మాయమైంది.

“నీకెట్ల తెలిసె?”

“పదేండ్లుగా మగ్గంలో తెగిన నూలు ముడేస్తా ఉండాను. ముడి కనబడకపోతే మా ఓనరు మోసమనడన్నా, కొత్తోళ్లకు నన్నే నేర్పియ్యమంటాడు.”

పాండీశ్వరన్ నవ్వుతూ కంప్యూటరు ముందున్న తన కుర్చీ ఆమెకిచ్చాడు.