నిజమేనా?

"ఆ 'కాదు' బటన్ ఇప్పుడే, నా కళ్లముందే తీసెయ్యమ్మా!" అన్నాడు టౌను ఆఫీసు ఇంజినీరు, ఇంట్లో ఇంకా రెండో కాలైనా పెట్టకుండానే.

"తియ్యను సార్," అంది కోడలు, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

పక్కనే కుర్చీలో, కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని కూర్చున్న అత్తగారు ముసిముసిగా నవ్వింది. సందు మలుపులో మూత లేని డ్రైనేజీ గొయ్యి ఒకటుంది, మనిషిలోతు. ఆవిడ కాలు విరిగింది అందులో పడే. కట్టు పడిన రోజే కోడలు ఈ వెబ్ యాప్ మొదలుపెట్టింది.

యాప్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఫోటో తీస్తే చాలు, అది ఏ వీధిలోదో మ్యాపు సర్వీసు చెబుతుంది. ఫిర్యాదు నేరుగా ఇంజినీరు ఆఫీసు ఆన్‌లైన్ సర్వీసుకే వెళ్తుంది. వాళ్ల జవాబును మెసేజీల సర్వీసు ఫోనుకు చేరుస్తుంది. మూడూ జనం కోసం తెరిచి పెట్టినవే. కోడలు వాటిని ఒకదానికొకటి తగిలించింది, అంతే. కానీ ఏ ఫిర్యాదు పంపినా ఆఫీసు సర్వీసు క్షణాల్లో "మీ సమస్య పరిష్కరించబడింది" అని జవాబిచ్చి చేతులు దులుపుకునేది. కోడలికి ఒళ్లు మండింది. ఆ జవాబు కింద తనే ఒక ప్రశ్న చేర్చింది: "నిజమేనా?" దాని పక్కన రెండు బటన్లు, అవును, కాదు. 'కాదు' నొక్కితే అదే ఫిర్యాదు మళ్లీ వెళ్లి ఆఫీసు తలుపు తడుతుంది. ఊరు ఊరంతా 'కాదు' నొక్కడం మొదలుపెట్టింది.

"మ్యాపు ఒకడిది, మెసేజీ ఇంకొకడిది, ఫిర్యాదుల సర్వీసు మాది," అన్నాడు ఇంజినీరు. "ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు. ఇందులో నువ్వు చేసిందేముందమ్మా?"

"నేను చేసింది ఆ 'కాదు' ఒక్కటే సార్. అందుకే దాన్ని తియ్యను."

"అయితే మా సర్వీసు నీ యాప్‌కి అందకుండా ఈ రోజే ఆపించేస్తా. ఆ తర్వాత ఫోటోలు తీసుకుని గోడకి తగిలించుకో."

కోడలికి తెలుసు, అన్నంత పనీ చేయగల మనిషి. ఎల్లుండి బడి తెరుస్తారు, పిల్లలంతా ఆ మలుపు మీదుగానే పరుగులు తీస్తారు. ఆ లింకు తెగితే గొయ్యి సంగతి అడిగే దిక్కే ఉండదు.

"ఆపించుకోండి," అంది. "గొయ్యి మూస్తే 'కాదు' ఎవరూ నొక్కరు. కాలు విరిగిన మనిషి మూలుగుతుంటే నోరు మూయడం వైద్యమా సార్?"

"మూయకపోవడమేంటి? పొద్దున్నే సిమెంటు మూత వేశాం. రికార్డులో ఉంది."

"వేసింది చెక్క ముక్క నాయనా," అంది అత్తగారు. "పైన సిమెంటు రంగు పూశారు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నా, ఒక్కడే చంకలో పెట్టుకుని వచ్చాడు. సిమెంటు మూతని చంకలో పెట్టుకొచ్చే భీముణ్ణి నేనింతవరకూ చూళ్లేదు."

ఇంజినీరు ముఖం కందగడ్డలా అయింది. "పెద్దావిడ కదా అని ఊరుకుంటున్నా! ఏదీ, ఆ యాప్ లింకు నా ఫోనుకి పంపమ్మా. నేనే ఆ మూత మీద నిలబడి ఫోటో తీసి, మీ యాప్‌లోనే పెట్టి, నా చేత్తో 'అవును' నొక్కుతా. అప్పుడైనా బటన్ తీస్తావా?"

కోడలు లింకు పంపింది. "మీరు 'అవును' నొక్కితే తీసేస్తా సార్. మాటంటే మాటే. కానీ దాని మీద మాత్రం కాలు పెట్టకండి. పక్కన నిలబడి తీయండి."

"అప్పుడే భయం పట్టుకుందా?" అని నవ్వి, ఫోను చేత్తో పట్టుకుని విసవిసా నడిచాడు ఇంజినీరు.

"నిజంగానే చెబుతున్నా సార్, దాని మీద ఎక్కకండి!" కోడలు గుమ్మం దాకా పరుగెత్తి అరిచింది. అతను వెనక్కి చూడకుండానే చెయ్యి ఊపి మలుపు తిరిగాడు.

"ఏమే, వాడు పక్కన నిలబడి దొంగ 'అవును' నొక్కేస్తే?" అంది అత్తగారు.

"అదే భయంగా ఉంది అత్తయ్యా. నొక్కితే మాత్రం మాట తప్పలేను."

ఇద్దరూ తెర వంక చూస్తూ కూర్చున్నారు. ఇంతలో ల్యాప్‌టాప్ టింగుమంది. కొత్త ఫోటో, సందు మలుపు నుంచే.

ఫోటో నిండా చీకటి. మధ్యలో విరిగిన చెక్క అంచులు. వాటి నడుమ గుండ్రంగా, పళ్లెమంత ఆకాశం.

"అయ్యో, అనుకుంటూనే ఉన్నా!" కోడలు పెరట్లోని నిచ్చెన భుజాన వేసుకుని సందులోకి పరుగుతీసింది.

అత్తగారు ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని కళ్లజోడు సర్దుకుంది. ఫోటో కింద ఆఫీసు జవాబు అప్పటికే వచ్చేసింది: "మీ సమస్య పరిష్కరించబడింది. ధన్యవాదాలు."

దాని కింద యాప్ ఎప్పటిలాగే అడిగింది: "నిజమేనా?"

ఆవిడ చూస్తుండగానే గోతిలోంచి ఇంజినీరు జవాబు వచ్చి పడింది: "కాదు."