వదిన వడ్డన

"సినిమాకి తీసుకెళ్తావనుకుంటే ఎముకల కొట్టుకి తీసుకొచ్చావేంటి వదినా?" ల్యాబు గుమ్మంలోనే ముక్కు మూసుకుంది ఆడపడుచు.

"ఊరికే సణక్కు. లోపలికి రా," అంది వదిన.

అన్నయ్య పోయి రెండేళ్లు దాటింది. చివర్లో చిక్కి పుల్లలా అయిపోయాడు. అప్పట్నుంచి ఆడపడుచు ఏ పెళ్లికెళ్లినా ఒకటే పాట. "మా వదిన చెయ్యి పిసినారి చెయ్యి. మా అన్నయ్యని కడుపు మాడ్చే పంపించింది." ఆ మాట ఊరంతా తిరిగి వదిన చెవిన పడేది. వంట చేసిన చేతికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? తిన్నవాడే లేడాయె. తలెత్తుకు తిరగలేక వదిన చుట్టాలిళ్లకి వెళ్లడమే మానేసింది.

లోపల సైంటిస్టు ఇద్దర్నీ బల్ల దగ్గరికి పిలిచింది. "ఈ ఎముకలు వేల ఏళ్ల కిందట మొదటిసారి పంట పండించినవాళ్లవి. తిన్న తిండే ఎముకలో చేరుతుంది కదా. కాస్త పొడి తీసి పరీక్షిస్తే, వేటాడిన మాంసం మీద బతికారో, పండించిన గింజల మీద బతికారో తెలిసిపోతుంది. మనుషులు అబద్ధమాడతారేమో గానీ ఎముక ఆడదు."

"మరి ఇదెవరిది?" వదిన విడిగా పెట్టిన చిన్న పెట్టెని చూపించింది.

"ఈయన మాకు కొలబద్ద అమ్మా. మిగతావాళ్లందర్నీ ఈయనతోనే పోల్చి చూస్తాం."

"బాగా తిన్నాడా?" వదిన పెట్టె మీదికి వంగింది.

"దర్జాగా తిన్నాడు! గింజలు, పప్పులు, పాలు, దేనికీ లోటు లేదు. పదేళ్లకి పైగా తిన్న తిండి ఇందులో తెలుస్తుంది. పస్తులున్న జాడే లేదు."

"మరి చివర్లో చిక్కిపోయి చనిపోయుంటే?"

"అది జబ్బు పని. వడ్డించిన చేతి తప్పు కాదు."

వదిన వెన్ను నిటారైంది. మొహం వెలిగిపోయింది. ఆమె అంత గర్వంగా కనిపించి చాలాకాలమైంది.

"ఇంతకీ ఎవరీ మహారాజు?" ఆడపడుచు ఆవులించింది.

"ఎముక దానమిచ్చిన ఇంటివాళ్లు పేరు చెప్పొద్దన్నారండీ," అంటూ సైంటిస్టు చూపు తిప్పుకుంది.

"బాగుంది! ఎవడో పరాయివాడు కడుపునిండా తింటే నీకెందుకు వదినా అంత పొంగు? నువ్వేదో దగ్గర కూర్చుని తినిపించినట్టు!"

వదిన ఆ పెట్టెని ఆడపడుచు ముందుకి జరిపింది.

"అది మీ అన్నయ్య ఎముకే."