చెంచాడు ఈస్టు, గొంతెడు కేక

మా వోస్ లోయలో బీరు తొట్టెలో ఈస్టు వేస్తూ గట్టిగా కేక పెట్టకపోతే కిక్కు రాదని శాస్త్రం. రసాయనశాస్త్రంలో పట్టా ఉన్నా, నేనూ నమ్ముతాను.

ఆ రోజు తాత ఎందుకో రెండు తొట్టెలు నింపాడు. మొదటిదాంట్లో నేను చెంచాడు ఈస్టు వేసి, కుయ్యిమన్నాను.

“ఇది తాగితే పిల్లి కూడా తూలదురా!”

“ఇంకో మూడు చెంచాలు వేస్తాలే తాతా.”

“తొట్టెకి చెంచాడే! తక్కువైంది నీ గొంతు. ఎవరికిరా భయం?”

“పక్కింటి ఇంగున్ వింటే నవ్వుతుంది.”

“అయితే ఆ పిల్లకే వినపడేలా కేకెయ్యి!”

కళ్లు మూసుకున్నాను. “ఇంగున్! నన్ను పెళ్లి చేసుకుంటావా?”

కొండలు కూడా అదే అడిగాయి. నా పట్టా, పరువు కలిసి తొట్టెలో మునిగాయి.

కంచె అవతలనుంచి కేక వచ్చింది. “నోరు పెగలడానికి ఇన్నాళ్లా? సరే!”

తాత తాపీగా రెండో తొట్టెలో చెంచాడు ఈస్టు వేశాడు.

“ఇది పెళ్లికి.”