పైలట్‌కి పేరు లేదు

మొదటి గుద్దుకే బైండరు కళ్లజోడు ఎగిరి గోడకు కొట్టుకుంది. రెండో గుద్దుకు పెదవి చిట్లింది. మూడోది ఎక్కడ తగిలిందో ఎవరూ చూడలేదు. అప్పటికే ఆయన కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు.

పొలం గట్టు కోసం తలలు పగలగొట్టుకున్నవాళ్లను చూశాం. ఓట్ల కోసం కత్తులు దూసుకున్నవాళ్ల గురించి విన్నాం. టీవీ సీరియల్లో పేరే లేని మనిషికి ఏం పేరు పెట్టాలన్నదాని మీద రక్తం కళ్లజూసినవాళ్లు కావాలంటే మాత్రం, ఆ మందుల షాపు మేడమీద గదికే పోవాలి.

సీరియల్ పేరు 'తిరుగు కక్ష్య'. అందులో ఒక పైలట్ తన అంతరిక్ష నౌకతో వేరే గ్రహం మీది కాలనీని గుద్దేస్తాడు. ఇక వారం వారం కాలంలో వెనక్కి వెళ్లి ఆ ప్రమాదాన్ని ఆపాలని చూస్తాడు. ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డొస్తుంది. మూడేళ్లు జీడిపాకంలా సాగదీశారు గానీ ఆ పైలట్‌కి ఒక పేరు పెట్టిన పాపాన పోలేదు. ఆ లోటు తీర్చడానికి పది మంది అభిమానులు ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ గదిలో చేరి గొంతులు చించుకునేవారు.

ఇప్పుడు కొడుతున్నవాణ్ని అక్కడందరూ బ్రేకు అంటారు. ఏ ఎపిసోడ్ మీద వాదన లేచినా "అర సెకను ముందు బ్రేకు వేసుంటే కథే ఉండేది కాదు" అంటాడు మరి. టైర్ల షాపులో పంక్చర్లు వేసేవాడికి బ్రేకు కాక ఇంకేం గుర్తొస్తుంది అని నవ్వుకునేవాళ్లు.

వాళ్లకు తెలియనిది ఒకటుంది. బ్రేకుకి ఐదేళ్ల శిక్ష పడింది. బుద్ధిగా ఉన్నాడని మూడేళ్లకే వదిలారు. సీరియల్ పిచ్చి జైల్లో అంటుకున్నదే. అసలు లోపలికి ఎందుకు వెళ్లాడన్న మాట ఇంట్లో అక్క కూడా ఎత్తదు. చొక్కా తొడుక్కుంటుంటే మాత్రం రోజూ ఒకటే పాట.

"ఒరేయ్, నీ మీద ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే మిగిలిన రెండేళ్లూ లోపలే. నోరు కుట్టుకో, చేతులు కట్టుకో. నాకు నువ్వు తప్ప ఎవరున్నార్రా?"

బైండరు ఆర్నెల్ల కిందట వచ్చి చేరాడు. చిరిగిన పుస్తకాలు కుట్టుకుని బతికే మెతక మనిషి. వాదనకు దిగితే మాత్రం ఉడుంపట్టే. "ఎన్నిసార్లు వెనక్కి వెళ్లినా అది జరిగే తీరుతుందండీ. బ్రేకు వేసినా ఆగదు. అతని చేతిలో ఏమీ లేదు" అనేవాడు. పైగా ఆ పైలట్‌ని 'తమ్ముడు' అని పిలిచేవాడు. అంతరిక్షంలో తమ్ముడేమిటని గదంతా గొల్లుమనేది.

బ్రేకు నవ్వేవాడు కాదు. అతను పెట్టిన పేరు 'హంతకుడు'. బైండరంటే అతనికి ఒళ్లుమంట. ఆయనేమో ప్రతివారం వచ్చి సరిగ్గా ఎదురు కుర్చీలోనే కూర్చునేవాడు.

ఈ ఆదివారం చివరి ఎపిసోడ్ వేశారు. పైలట్ చివరిసారి వెనక్కి వెళ్లాడు. ఒక్క తప్పూ చేయలేదు. అర సెకను ముందే బ్రేకు వేశాడు. అయినా కాలనీ బూడిదైంది.

బ్రేకు మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"పోనీలెండి" అన్నాడు బైండరు. "ఇకనైనా తమ్ముడు ఇంటికెళ్లి కంటినిండా నిద్రపోవచ్చు."

"ఎవడయ్యా తమ్ముడు?" బ్రేకు లేచాడు. "అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా? అంతమందిని చంపినవాడు తమ్ముడా?"

"తమ్ముడే" అన్నాడు బైండరు.

అంతే. మూడు గుద్దులు అయ్యాక బ్రేకు ఆయన గుండెల మీద కూర్చున్నాడు. మెడ పట్టుకుని తలను నేలకేసి కొట్టాడు.

"హంతకుడు అను! ఆపగలిగేవాడు అను! అనవయ్యా!"

మాటకొక దెబ్బ. ఒక పన్ను ఊడి నేల మీద దొర్లింది. లెక్కల టీచరమ్మ స్టూలెత్తి బ్రేకు వీపు మీద వేసింది. మందుల షాపాయన జుట్టు పట్టి వెనక్కి లాగాడు. అయినా ఆ చేతులు ఆగలేదు. బైండరు ఒక్కసారి కూడా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"ఆపలేడు... బాబూ" అన్నాడు నెత్తురు మింగుతూ.

నలుగురు కలిసి బ్రేకును స్టేషనుకు ఈడ్చుకెళ్లేసరికి అతని కోపం పూర్తిగా దిగిపోయింది. మిగిలింది భయమే. అక్క రోజూ చెప్పే మాటే గుర్తొచ్చింది.

ఎస్సైగారు అతని పాత ఫైలు తెప్పించింది. "నీదంతా ఉందిగా ఇక్కడ" అని, నోట్లో దూది కుక్కుకుని కూర్చున్న బైండరు వైపు తిరిగింది. "మీరొక్క సంతకం పెట్టండి చాలు. రెండేళ్లు మళ్లీ లోపలే."

బైండరు దూది తీశాడు. "మెట్ల మీంచి పడ్డానమ్మా."

"మెట్ల మీంచి పడితే మెడ మీద వేళ్ల అచ్చులు పడతాయా?"

"పెద్ద మెట్లమ్మా."

"వీళ్లంతా చూశామంటున్నారు."

"పడింది నేను కదమ్మా. రాసుకోండి."

ఎంత చెప్పినా వినలేదు. మెట్ల మీంచి పడ్డట్టే రాయించి, సంతకం చేసి, గోడ పట్టుకుంటూ బయటికి నడిచాడు. వచ్చినవాళ్లు తిట్టుకుంటూ వెనకాలే పోయారు.

ఎస్సైగారు ఆ సంతకం చూసింది. పాత ఫైలు తిరగేసి ఒక పేజీ దగ్గర ఆగింది. మళ్లీ సంతకం చూసింది.

బ్రేకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "అంత కొట్టాను కదండీ. నన్నెందుకు వదిలేశాడు? నేనాయనకి ఏమవుతానని?"

"కోర్టులో ఒక్కరోజైనా తలెత్తి చూసుంటే గుర్తుపట్టేవాడివి" అంది ఎస్సైగారు, "ఆ రోజు నీ బస్సు కింద పడి చనిపోయిన పాప వాళ్ల నాన్నే ఆయన."