వంతెనకు అడ్డంగా

డార్లా హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఎదురుగా ఉన్న మనిషి కదల్లేదు. వంతెనకు అడ్డంగా తన పాత పికప్ నిలిపి, రోడ్డు మధ్యలో నారింజరంగు తువ్వాలు ఊపుతున్నాడు. అరవై దాటిన మనిషి. గడ్డం గీసుకుని వారమై ఉంటుంది.

మంచు తుఫాను వస్తోందని పొద్దుటి నుంచి రేడియోలో ఒకటే గోల. అలబామాలో ఆ మూలకి మంచు పడటమే అపురూపం. ఆ మాట చెవిన పడితే చాలు, ఊరు ఊరంతా దుకాణానికి పరిగెత్తి రొట్టె, పాలు కొనేస్తుంది. ఏడాదంతా రొట్టె ముట్టని వాళ్ళకి కూడా ఆ రోజు రొట్టె లేకపోతే ప్రాణం పోయినట్టే ఉంటుంది. డార్లా కూడా ఆఫీసు నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళి క్యూలో నిలబడింది. ప్లేస్కూలు ఇవాళ ముందే మూసేస్తారనీ, కూతురు ఎమరీ అక్కడే ఉందనీ రొట్టె చేతికొచ్చాక గుర్తొచ్చింది.

"ఏంటయ్యా, దారి మధ్యలో ఈ భాగోతం? తప్పుకో!"

"వంతెన ఎక్కకండమ్మా. పైన మంచు గడ్డకట్టింది. కంటికి ఆనదు."

డార్లా తల బయటపెట్టి చూసింది. సన్నటి తుంపర. రోడ్డు తడిసింది, అంతే.

"నేను పుట్టి పెరిగింది ఇక్కడే. వానకీ మంచుకీ తేడా నువ్వు చెప్పాలా?"

"రోడ్డుకేం కాదమ్మా. వంతెన కింద గాలే కదా, ముందు అదే గడ్డకడుతుంది. అదిగో, బోర్డు మీద కూడా రాశారు."

బోర్డు ఉన్న మాట నిజమే. జూలై ఎండల్లో చెమటలు కక్కుతూ దాన్ని చదివి నవ్వుకోవడం తప్ప ఊళ్ళో ఎవరూ దాన్ని పట్టించుకున్న పాపాన పోలేదు.

"మిల్లు రోడ్డు మీదుగా తిరిగి వెళ్ళండమ్మా."

"అంత చుట్టు తిరిగితే ప్లేస్కూలు మూసేస్తారు. నా కూతురు అక్కడ ఎదురుచూస్తోంది."

"ఆ పాప కోసమే చెప్తున్నా."

ఆమె కారు ముందుకు పోనివ్వబోయింది. అతను కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి లాగేశాడు.

డార్లా వెంటనే మరిదికి ఫోన్ చేసింది. మరిది హోలిస్ ఆ ఊరి పోలీసు.

ఎక్కడో దగ్గర్లోనే ఉన్నాడేమో, చిటికెలో వచ్చి వాలాడు.

"ఏమన్నా చేశాడా వదినా?"

"తాళాలు లాక్కున్నాడు. తాగున్నాడేమో చూడు."

హోలిస్ దగ్గరికెళ్ళి వాసన చూశాడు. లైసెన్సు అడిగి తీసుకున్నాడు.

"తాగలేదు. బుర్రే సరిగ్గా ఉన్నట్టు లేదు. ఏం పెద్దాయనా, పక్క రాష్ట్రం టెనెసీ నుంచి మా వంతెనకి కాపలా కాయడానికొచ్చావా?"

"అవును బాబూ."

"జీతమెంత ఇస్తున్నారేంటి?"

వెనక ఆగిన కార్లలో వాళ్ళు పగలబడి నవ్వారు. డార్లా కూడా నవ్వింది.

"ఒక్కసారి దాని మీద నాలుగడుగులేసి చూడు బాబూ."

"చూసింది చాలు గానీ, నీ బండెక్కి వచ్చినదారే పట్టు. కౌంటీ పొలిమేర దాటేదాకా నీ వెనకే వస్తా. మళ్ళీ ఇటు కనపడ్డావో, లోపలేస్తా!"

ముసలాయన వాదించలేదు. తాళంచెవి డార్లా చేతిలో పెట్టాడు.

"జారితే బ్రేకు తొక్కకండమ్మా. కాలు తీసెయ్యండి."

ఆమె తాళంచెవి తిప్పి ఇంజను స్టార్ట్ చేసింది. అతని బండి, దాని వెనక హోలిస్ బండి కనుమరుగయ్యాయి. డార్లా వంతెన ఎక్కింది.

ఎక్కిందో లేదో, కారు ఆమె మాట వినడం మానేసింది. అడ్డంగా తిరిగింది. వాగు, ఆకాశం, మళ్ళీ వాగు. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. అంతలో ఆ మాట గుర్తొచ్చి తీసేసింది. కారు మెల్లగా జారి, రెయిలింగుకి తగిలి ఆగింది.

వెనక సీటులో ఎమరీ కుర్చీ ఖాళీగా ఉంది. ఆ ఖాళీ కుర్చీని చూసి డార్లా వెక్కివెక్కి ఏడ్చింది.

చేతులూ మోకాళ్ళ మీద పాక్కుంటూ వంతెన దిగింది. ఇందాక నవ్విన కార్లవాళ్ళు చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిప్పుకున్నారు. ప్లేస్కూలుకి ఫోన్ చేస్తే, పిల్ల నా దగ్గరే ఉంటుంది, కంగారు పడకు అంది టీచరమ్మ.

మలుపు దగ్గర ఇంకో బండి వస్తున్న చప్పుడైంది. డార్లా ఒంటి మీది ఎర్ర కోటు విప్పి, రోడ్డు మధ్యకి వెళ్ళి ఊపింది. చలి ఎముకల్లోకి దిగింది.

"తాగి కారు గుద్దేసి, మా దారికడ్డం నిలబడ్డావా? తప్పుకో తల్లీ!" అని అరిచాడు లారీవాడు.

ఆమె తప్పుకోలేదు. ముఖం మాత్రం సిగ్గుతో మండిపోయింది. ఆ ముసలాయన పొద్దుటి నుంచి ఇలాంటివి ఎన్ని పడ్డాడో అనుకుంది.

తిట్టి తిట్టి లారీవాడు వెనక్కి మళ్ళాడు. అప్పుడు హోలిస్ ఫోన్ చేశాడు.

"పంపించేశాను వదినా. పీడ వదిలింది."

"వెనక్కి పిలువు హోలిస్. ఆయన్ని పిలువు. కాళ్ళ మీద పడాలి నేను."

"ఇంకెక్కడ పిలుస్తాను? ఈపాటికి ఎంత దూరం పోయాడో. ఏమైంది వదినా, ఏడుస్తున్నావా?"

"ఆయన పేరైనా చెప్పు."

"లైసెన్సులో పిక్రెల్ అని ఉంది. రాఫర్డ్ పిక్రెల్."

డార్లా వాగొడ్డు వైపు తిరిగి చూసింది: కిందటిసారి మంచు పడినప్పుడు ఇదే వంతెన మీద పోయిన పొరుగు రాష్ట్రపు పసిపిల్ల కోసం చర్చివాళ్ళు వాగొడ్డున పాతిన తెల్ల శిలువ మీద, ఏటా ఈస్టరుకి తన చేత్తో పూలు పెడుతూ తను చదువుతున్న ఇంటిపేరు అదే.