మోహన్ గారి బ్యాటరీ

"కరెంటూ వోల్టేజీ రెండూ కదలకూడదు జెమీమా. రేపు ఇన్వెస్టర్లకి స్క్రీన్ మీద రెండు స్ట్రెయిట్ లైన్లే కనపడాలి," అన్నాడు తన ఇంజినీరుతో, అమెరికాలోని శాంటా క్లారాలో బ్యాటరీ కంపెనీ పెట్టిన మోహన్.

"ఒకటి మనం ఫిక్స్ చేస్తే రెండోది బ్యాటరీ ఇష్టమండీ."

"ఇక్కడ బాస్ బ్యాటరీయా, నేనా? నీ వీసా ఎక్స్‌టెన్షన్ ఎవరు ఫైల్ చేయాలి?"

మనుషుల్నే వీసాతో కట్టేసినవాడికి బ్యాటరీ ఒక లెక్కా!

మర్నాడు రెండు గీతలూ స్కేలు పెట్టి గీసినట్టు వచ్చాయి. ఇన్వెస్టర్లు చప్పట్లు కొట్టారు. మోహన్ ఛాతీ విరుచుకున్నాడు.

జెమీమా లేచి అందరి ముందూ బ్యాటరీ ఉండాల్సిన టెస్ట్ పెట్టె మూత తీసింది. లోపల బ్యాటరీ లేదు. రెండు వైర్ల మధ్య కరెంటుకి అడ్డుపడే గోరంత రెసిస్టర్ ఉంది.

"మీరు చెప్పినట్టల్లా వినేది ఇదొక్కటే దొరికిందండీ," అంది. "కాకపోతే వేడెక్కడం తప్ప దీనికింకేమీ చేతకాదు."